తొమ్మిదేళ్ల పాపకు కంప్యూటర్‌లో చూపించిన నవ్వును ఎంతవరకు నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాపకు 9 ఏళ్లు. పైన రెండు ముందుపళ్ల మధ్య సందు ఉంది, వాటి పక్కపళ్లు బయటివైపు విచ్చుకున్నట్టు ఉన్నాయి, నవ్వితే చిగుళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. డాక్టరు నోరంతా స్కాన్ చేసి, చికిత్స అయ్యాక పాప ఎలా నవ్వుతుందో ముఖం ఫొటో మీద పెట్టి చూపించారు. క్లియర్ అలైనర్లు (పళ్లకు తొడిగి తీసే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) వేద్దామన్నారు. అలాగే వస్తుందా, ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగితే ఏమైనా నష్టమా అని మీ టెన్షన్.

నేను ఆర్థోడాంటిస్టుని, అంటే పళ్ల వరుస సరిచేసే డాక్టర్ని, పిల్లలకు అలైనర్లు వేస్తుంటాను. నోరు చూడకుండా రోగం చెప్పలేను కానీ, ఆ ఫొటో ఒక్కటి చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి. డాక్టరు మోసం చేస్తున్నారని నా ఉద్దేశం కాదు. 9 ఏళ్ల పిల్ల నోట్లో సగం పళ్లు పాలపళ్లే. దవడలు, పెదవులు, ముక్కు ఇంకా ఎదుగుతున్నాయి. చివరికి ఆ నవ్వు ఎలా ఉంటుందో నిర్ణయించేవి చాలావరకు ఇంకా చిగుళ్ల లోపలే ఉన్నాయి. అందుకే పిల్లల ప్లాన్ ఏదైనా నా ముందుకు వస్తే ఏ పళ్లను ముట్టుకోకుండా వదిలేశారో మొదట చూస్తాను. ఎటు కదుపుతున్నారో తర్వాత చూస్తాను.

ముందు ఆ బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మీరు చూసినదాంట్లో నిజానికి రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి స్మైల్ డిజైన్: ముఖం ఫొటో మీద గీతలు గీసి, కనుపాపలకూ ముక్కుకూ పెదవికీ పొందికగా పళ్లు ఎక్కడ ఉంటే బాగుంటుందో అనుకోవడం. ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది క్రిస్టియన్ కోచ్‌మన్ అనే బ్రెజిల్ దంతవైద్యుడు. ఇది పుట్టింది పెద్దవాళ్ల కోసం, ముఖ్యంగా ముందుపళ్లకు తొడుగులు, వెనీర్లు వేసే పనికోసం. అక్కడ పన్ను కదలాల్సిన పని లేదు. పైన వేసే పింగాణీ ఆకారం మార్చుకుంటే చాలు, అందుకే బొమ్మకూ ఫలితానికీ తేడా తక్కువ.

రెండోది పళ్ల అమరిక ప్లాన్. స్కానర్ ఇచ్చిన త్రీడీ మోడల్‌లో ఒక్కో పన్నునూ విడదీసి, చివర్లో ఉండాల్సిన చోట పెట్టి, మొదటి స్థితికీ చివరి స్థితికీ మధ్య దారిని చిన్నచిన్న మెట్లుగా కోస్తారు. ఒక్కో మెట్టుకు ఒక్కో అలైనర్. సాధారణంగా ఒక అలైనర్ ఒక పన్నును పావు మిల్లీమీటరుకు అటూఇటూగా జరిపేలా ఉంటుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1945లోనే హెరాల్డ్ కెస్లింగ్ అనే అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ ప్లాస్టర్ పళ్లను కోసి, మైనంలో సరిగ్గా అమర్చి, దాని మీద మెత్తటి పరికరం తయారుచేసి నోట్లో పెట్టాడు. 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ అదే పనిని కంప్యూటర్‌లోకి తెచ్చి ఇన్విజలైన్‌గా అమ్మింది. 6 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం దాని ప్రత్యేక రూపం 2018లో వచ్చింది. ఇప్పుడు ఇలాంటివి చేసే కంపెనీలు చాలా ఉన్నాయి.

తల్లిదండ్రులకు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ అమరిక మొదటి చిత్తుప్రతి తరచుగా మీ డాక్టరు చేసింది కాదు. కంపెనీలోని టెక్నీషియన్, ఆయన వాడే సాఫ్ట్‌వేర్ కలిసి చేసి పంపుతారు. డాక్టరు దాన్ని పన్ను పన్నుగా చూసి, మార్చి, ఒకటికి రెండుసార్లు వెనక్కి పంపి, అప్పుడు ఒప్పుకోవాలి. కాబట్టి "వచ్చిన ప్లాన్‌లో మీరేం మార్చారండీ?" అని అడగండి. మంచి డాక్టరుకు ఈ ప్రశ్న కోపం తెప్పించదు, పైగా సంతోషంగా పది నిమిషాలు చెబుతారు. ఏమీ మార్చలేదని జవాబు వస్తే నేనైతే ఆలోచనలో పడతాను.

ఇక ఆ వీడియోలో పళ్లు జారుకుంటూ వెళ్లి చక్కగా కూర్చుంటాయి కదా, అది సాఫ్ట్‌వేర్‌కు మనం ఇచ్చిన ఆదేశం. పన్ను అలాగే కదులుతుందన్న హామీ కాదు. ఎముక ఎంత మందంగా ఉంది, వేరు ఎంత పొడవుంది, పిల్ల రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటుంది అనేవి దానికి తెలియవు. సాఫ్ట్‌వేర్‌లో వేర్లు కనిపించినా అవి చాలాసార్లు పాప సొంత వేర్లు కావు, సగటు ఆకారంతో గీసినవి. ఇన్విజలైన్ మీద క్రావిట్జ్ బృందం 2009లో చేసిన కొలతల్లో, ముందుపళ్లకు ప్లాన్ చేసిన కదలికలో సగటున 41 శాతమే నిజంగా జరిగింది. 2020లో మెరుగైన పదార్థంతో మళ్లీ కొలిస్తే అది 50 శాతానికి వచ్చింది. ఇవి ఎదిగే పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన అధ్యయనాలు కావు, కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మీ పాపకు అంటించకండి. చికిత్స సగమే అవుతుందనీ వీటి అర్థం కాదు. మొదటి సెట్టుతో రాని మిగతా కదలిక కోసం మళ్లీ స్కాన్ చేసి కొత్త అలైనర్లు చేయిస్తారు. దాన్ని రిఫైన్‌మెంట్ అంటారు. అది మామూలే, మొదటి రోజే చెప్పాలి. పన్నును వాలుగా వంచడం అలైనర్‌కు సులువు. గుండ్రంగా ఉండే కోరపన్నును తిప్పడం, పన్నును చిగురులోంచి కిందికి లాగడం కష్టం. వీడియోలో మాత్రం అన్నీ ఒకే తేలికతో జరుగుతాయి!

ఇప్పుడు మీ పాప విషయం. మీరు చెప్పిన మూడు లక్షణాలూ (మధ్యలో సందు, విచ్చుకున్న పక్కపళ్లు, కనిపించే చిగుళ్లు) ఈ వయసులో చాలామంది పిల్లల్లో ఉంటాయి. పైకి వికారంగా కనిపించే ఈ దశను బ్రాడ్‌బెంట్ అనే ఆర్థోడాంటిస్ట్ 1937లోనే వర్ణించి, దానికి అగ్లీ డక్లింగ్ దశ అని పేరు పెట్టాడు. జరిగేది ఏమిటంటే, పై కోరపళ్లు ఇంకా ఎముకలో పైన ఉండి కిందికి దిగుతూ ఉంటాయి. అలా దిగేటప్పుడు వాటి కిరీటం (పన్ను వచ్చాక బయటికి కనిపించే భాగం) పక్కపన్ను వేరును ఆనుకుంటుంది. వేరు మధ్యవైపు జరగడంతో పక్కపన్ను కిరీటం బయటివైపు విచ్చుకుంటుంది. 11, 12 ఏళ్లకు కోరపన్ను బయటికి వచ్చేసరికి ఆ ఒత్తిడి పోయి పళ్లు నిటారుగా అవుతాయి. 2 మిల్లీమీటర్ల లోపు సందు చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది.

ఈ సంగతి పట్టించుకోని ప్లాన్ అందాన్నే చూసి ఏం చేస్తుందో ఊహించండి. విచ్చుకున్న పక్కపన్నును నిటారుగా నిలబెడుతుంది. స్క్రీన్ మీద చక్కగా ఉంటుంది. కానీ కిరీటాన్ని మధ్యవైపు తెస్తే వేరు బయటివైపు, అంటే సరిగ్గా దిగివస్తున్న కోరపన్ను మీదికి వెళ్తుంది. దానివల్ల ఆ వేరు అరిగిపోయే ప్రమాదం ఉంది, కోరపన్ను దారి తప్పే ప్రమాదమూ ఉంది. పైగా ఈ వయసులో పక్కపన్ను వేరు పూర్తిగా తయారై కూడా ఉండదు. పన్ను బయటికి వచ్చాక వేరు చివర మూసుకోవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అందుకే ఇలాంటి నోట్లో పక్కపళ్లను ప్లాన్‌లో కదలకుండా లాక్ చేసి ఉంచడం, లేదా వేరు కోరపన్నుకు దూరంగా ఉండేలా చూసుకోవడం డాక్టరు చేయాల్సిన పని. దానివల్ల ఫొటోలో పళ్లు కాస్త వంకరగానే మిగులుతాయి. అమ్మానాన్నలకు చూపించడానికి అందంగా ఉండదు కాబట్టి, కొందరు ఆ వంకరను సరిచేసేస్తారు. వంకర మిగిల్చిన ప్లానే మంచి ప్లాన్ అయ్యే సందర్భం ఇది.

ఇందుకే స్కాన్ ఒక్కటే చాలదు. స్కానర్ చిగురు పైన ఉన్నదాన్నే చూస్తుంది. పూర్తి దవడ ఎక్స్‌రే, ఓపీజీ అంటారు, అది తప్పనిసరిగా ఉండాలి. అందులో రావాల్సిన పళ్లన్నీ ఉన్నాయా, ఏదైనా పన్ను అసలు పుట్టలేదా, మధ్యలో అదనపు పన్ను దాక్కుని సందుకు కారణమవుతోందా, కోరపళ్లు ఎటు చూస్తున్నాయి అన్నీ తెలుస్తాయి. 10 ఏళ్లు వచ్చేసరికి పై కోరపన్ను ఉబ్బు చిగురు బయటివైపు వేలికి తగలాలి. డాక్టరు వేలితో తడిమి చూస్తారు, రెండు సెకన్ల పని. తగలకపోతే మరిన్ని ఎక్స్‌రేలు అవసరం కావచ్చు. ప్రతి పిల్లకూ త్రీడీ స్కాన్ ఎక్స్‌రే తీయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. రేడియేషన్ ఎక్కువ కాబట్టి కారణం ఉంటేనే తీయాలి. పెదవిని చిగురుకు కలిపే కండను సందు కోసం ఇప్పుడే కోసేద్దామని ఎవరైనా అంటే కూడా, కోరపళ్లు వచ్చేదాకా ఆగవచ్చా అని అడగండి.

చిగుళ్లు కనిపించడం గురించి. ఈ వయసులో ముందుపళ్లు చిన్నగా కనిపించడానికి ఒక కారణం, పన్నులో కొంత భాగం ఇంకా చిగురు కింద ఉండటమే. చిగురు ఏళ్ల తరబడి మెల్లగా పైకి తగ్గుతుంది, పన్ను పొడవుగా కనిపిస్తుంది. పై పెదవి కూడా టీనేజీ దాకా పొడవు పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత వయసు పెరిగేకొద్దీ పెదవి కిందికి జారి, పైపళ్లు కనిపించడం క్రమంగా తగ్గుతుంది. అంటే నేడు 9 ఏళ్లకు ఎక్కువనిపించే చిగురు 20 ఏళ్లకు సరిగ్గా ఉండొచ్చు. ఇప్పుడు చిగురు తగ్గించాలని పై ముందుపళ్లను పైకి, చిగురులోకి నొక్కేలా ప్లాన్ చేస్తే, రేపు పెద్దయ్యాక నవ్వితే పళ్లే సరిగ్గా కనిపించని ముఖం తయారవుతుంది. నవ్వినప్పుడు పై ముందుపళ్ల అంచులు కింది పెదవి వంపును అనుసరిస్తేనే నవ్వు నిండుగా ఉంటుంది. నొక్కేస్తే ఆ వంపు చదునైపోతుంది. ఎదిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు లోపల గుడ్డ మడిచి వదిలినట్టు, పిల్లల ప్లాన్‌లో కొంత పన్ను, కొంత చిగురు కావాలనే ఎక్కువ వదలాలి.

ఫొటో తీసిన తీరునూ ఒకసారి చూడండి. నవ్వమ్మా అంటే పిల్లలు పళ్లు బిగించి పెదాలు లాగుతారు, తల పక్కకు వంచుతారు. ఆ ఒక్క ఫొటో మీద గీతలు గీస్తే గీతలే తప్పు. పాప మాట్లాడుతూ నవ్వుతున్న చిన్న వీడియో తీసి, అందులోంచి సహజమైన నవ్వును ఎంచుకుంటే మేలు. నోటితో గాలి పీల్చే పిల్లల్లో పై పెదవి ఎప్పుడూ ఎత్తుకుని ఉంటుంది. అలాంటప్పుడు ముందు ముక్కు, అడినాయిడ్ల (ముక్కు వెనక ఉండే గ్రంథుల్లాంటివి) సంగతి తేల్చాలి.

కింద పళ్లు కూడా ఇరుకుగా ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే ఈ లెక్క తెలుసుకోండి. పాల కోరపన్నూ, దాని వెనక రెండు పాల దవడపళ్లూ కలిపి చూస్తే, వాటి స్థానంలో వచ్చే శాశ్వత పళ్లకన్నా వెడల్పు. అవి ఊడినప్పుడు కింది దవడలో రెండు వైపులా కలిపి సగటున 3.4 మిల్లీమీటర్లు, పై దవడలో 1.8 మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. కింది దవడలో ఓ మోస్తరు ఇరుకు సర్దుకోవడానికి అది చాలు, ఆ ఖాళీని ఎవరో ఒకరు కాపాడితే. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఇప్పుడే పళ్లను బయటికి తోసేయడమో, పక్కలు అరగదీయడమో ప్లాన్‌లో ఉంటే కారణం అడగండి.

ఇంతా చెప్పాక, ఎవరూ ఇప్పుడు చేయించకూడదని నేను అంటున్నానని అనుకోవద్దు. ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. పై ముందుపన్ను కింది పన్నుకు వెనక పడి కరుచుకుంటే, లేదా పై దవడపళ్లు కింది వాటికి లోపలివైపు పడి (దీన్నే అడ్డంగా పడటం అంటాం) నోరు మూసేటప్పుడు కింది దవడ ఒక పక్కకు జరిగితే, ఇప్పుడే సరిచేయాలి. పైపళ్లు బాగా ఎత్తుగా ఉంటే దెబ్బ తగిలి విరిగే ప్రమాదం ఎక్కువ. కొక్రేన్ సమీక్షల (చాలా అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదికల) ప్రకారం ఎత్తుపళ్లకు చిన్నప్పుడే చికిత్స చేస్తే వచ్చే స్పష్టమైన లాభం ఆ దెబ్బలు తగ్గడమే. మిగతా విషయాల్లో టీనేజీలో ఒకేసారి చేసినదానికన్నా పెద్ద తేడా కనిపించలేదు. బడిలో ఏడిపిస్తున్నారని పిల్ల నవ్వడం మానేస్తే అది కూడా కారణమే. దాన్ని చిన్నచూపు చూసే డాక్టర్లతో నాకు ఒప్పుదల లేదు.

అయితే పై దవడే ఇరుకుగా ఉంటే మామూలు అలైనర్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అవి ప్రధానంగా పళ్లను బయటికి వంచుతాయి, అంగిలి మధ్య అతుకును తెరవలేవు. దానికి అంగిలిని వెడల్పు చేసేందుకు పెట్టే ఎక్స్‌పాండర్ అనే పరికరం కావాలి. అలైనర్ కంపెనీలే ఇప్పుడు అలాంటివి విడిగా తెస్తున్నాయి.

అలైనర్లే ఖాయమైతే, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పెద్ద విషయం. ముందుపళ్లు వచ్చేశాక, కోరపళ్లూ వాటి వెనకవీ మారడం మొదలయ్యేలోపు నోట్లో కొంతకాలం పళ్లు మారకుండా నిలకడగా ఉంటుంది, ఏడాదీ ఏడాదిన్నర. చిన్న లక్ష్యం పెట్టుకుని ఆ వ్యవధిలో ముగించాలి. దాటితే పాలపళ్లు ఊడిపోతూ, కొత్తవి వస్తూ, అలైనర్ సరిపోక మళ్లీ మళ్లీ స్కాన్లు చేయాల్సి వస్తుంది. రాబోయే పళ్ల కోసం అలైనర్‌లో ముందే ఖాళీ గదులు వదులుతారు. మీ పాప ప్లాన్‌లో అవి ఎక్కడున్నాయో చూపించమనండి, వీడియో ఆపి చూపించవచ్చు. పాలపళ్లు పొట్టిగా ఉండటంతో అలైనర్‌కు పట్టు తక్కువ. అందుకని పళ్ల మీద చిన్న బొడిపెల్లాంటి అటాచ్‌మెంట్లు అంటిస్తారు. చిరునవ్వు ఫొటోలో ఇవి ఎక్కడా కనిపించవు, నోట్లో మాత్రం కనిపిస్తాయి. పాపకు ముందే చెప్పండి.

రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. నా అనుభవంలో టీనేజీ వాళ్లకన్నా 8, 9 ఏళ్ల పిల్లలే ఈ మాట బాగా వింటారు. పోగొట్టుకోవడం మాత్రం అందరూ పోగొట్టుకుంటారు, తినేటప్పుడు తీసి కాగితంలో చుట్టి పారేయడం మామూలు కథ. డబ్బాలోనే పెట్టే అలవాటు చేయించండి. పెట్టుకున్నప్పుడు నీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. తీపి పానీయం లోపల చిక్కుకుంటే పళ్లు త్వరగా పుచ్చుతాయి. వేడినీళ్లతో కడిగితే అలైనర్ ఆకారం మారిపోతుంది. ఇప్పటికే పుచ్చిన పళ్లు ఉన్నా, బ్రష్ చేసుకోవడానికి రోజూ గొడవ అవుతున్నా, అది దారిలో పడేదాకా ఏ చికిత్సా మొదలుపెట్టకండి.

ఇంకొకటి, ఇప్పుడు చేయిస్తే తర్వాత ఏమీ అక్కర్లేదు అని ఎవరైనా అంటే నమ్మడానికి తొందరపడకండి. శాశ్వత పళ్లన్నీ వచ్చాక, అంటే 12, 13 ఏళ్లకు, రెండో విడతలో అలైనర్లో క్లిప్పులో అవసరం కావడమే ఎక్కువ. ఖర్చు అడిగేటప్పుడు రెండు విడతలకూ, మధ్యలో వేసే రిటైనర్లకూ (సరిచేసిన పళ్లు వెనక్కి జరగకుండా పట్టి ఉంచేవి), రిఫైన్‌మెంట్లకూ కలిపి అడగండి. మొదటి విడత లక్ష్యం ఏమిటో ఒక్క వాక్యంలో రాసి ఇవ్వమనండి. "అడ్డంగా పడిన పన్నును సరిచేయడం" అనేది లక్ష్యం. "అందమైన చిరునవ్వు" అనేది 9 ఏళ్ల పిల్లకు లక్ష్యం కాదు, ఎప్పుడు ఆపాలో దాన్నిబట్టి తెలియదు.

మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు చెబుతాను. ఓపీజీ తీయించండి. కోరపళ్లు సరైన దారిలో ఉండి, పళ్లు కరుచుకోవడంలో అడ్డం ఏదీ లేకపోతే, ఆగమనే అంటాను, ఆరు నెలలకోసారి చూపించుకుంటూ. ఓపీజీలో ఏదైనా తేడా కనిపిస్తే ఆ ఎక్స్‌రే పట్టుకుని ఇంకో ఆర్థోడాంటిస్టు దగ్గర కూడా అడగండి. ఏది నిర్ణయించుకున్నా ఇప్పుడు తీసిన స్కాన్ ఫైల్‌ను (ఎస్‌టీఎల్ అంటారు) మాత్రం అడిగి తీసుకుని దాచుకోండి. ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, సందు దానంతట అదే ఎంత మూసుకుందో, పక్కపళ్లు ఎటు జరిగాయో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. అలైనర్లు వేసినా వేయకపోయినా ఆ ఫైల్ పనికొస్తుంది.